సిరిసిల్ల గోడ మీది ప్రశ్నలు

ఉదయం 7.10కి కోరుట్లలో జగిత్యాల బస్సెక్కాను. ఆధార్ చూపితే జీరో టికెట్. నా మనవరాలు సనాకు తొమ్మిదేళ్లు. బడికి పంపకుండా మూడేళ్లు నేనే ఇంట్లో చదివించాను. కొడుకు వ్యాపారం సిరిసిల్లకు మారాక, ఆరు నెలలుగా అక్కడే ఉండే వియ్యపురాలు ఖాలిదా చదువు చెబుతోంది. పాతకాలపు ఉలమాల, అంటే మత పండితుల పద్ధతట. ఫోన్ చేస్తే చాలు, "నానీ చెప్పింది" అంటుంది సనా, నానీ అంటే అమ్మమ్మ ఖాలిదాయే. అది వినలేకే బయలుదేరాను. పిల్ల వెనకబడిందని తేల్చి కోరుట్లకు తెచ్చుకోవాలని ఇరవై ప్రశ్నలు రాసుకున్నాను.

8.20కి జగిత్యాలలో బస్సు మారాను. కొడిమ్యాలలో ఎక్కినామె నా నోట్‌బుక్కులోకి తొంగిచూసింది.

"గీ వయసుల పరీక్షనా అమ్మా?"

"రాయనీకి కాదు, పెట్టనీకి."

"అయ్యో, ఎవలో పాపం!"

10.25కి సిరిసిల్ల. వీధంతా బట్ట నేసే సాంచెల, మరమగ్గాల చప్పుడు. చాయ్ తాగగానే ప్రశ్నలు మొదలుపెట్టాను. సనా పద్నాలుగు సరిగ్గా చెప్పింది. ఆరింటికి బెదురు లేకుండా "తెల్వది దాదీ" అంది. నా దగ్గర ఎన్నడూ అలా అనలేదు, ఏదో ఒకటి చెప్పేది.

"గిదేనా నేర్పింది?" అన్నాను.

ఖాలిదా నవ్వింది. "తెల్వంది తెల్వదని ఒప్పుకునుడు ముందు నేర్పాలన్నరు పెద్దలు, వదినా. పాఠమైనంక ఆట, గది గుడ చదువే."

గోడకు ఒక కాగితం. తెలియని ప్రశ్నలు, ఒక్కోదాని కింద తెలియదన్నవారి పేరు.

మధ్యాహ్నం బగారన్నం, దాల్చా. దాల్చా నాకన్నా బాగా చేసింది. అదీ నచ్చలేదు.

"దాదీ, గింత చప్పుడుల పిచ్చుకలు ఒకదాని మాట ఒకటి ఎట్ల వింటయి?" అంది సనా.

"అలవాటైతది" అన్నాను. గోడ కాగితం మీద రాయడానికి పెన్ను పట్టుకున్న పిల్ల, నా మాట నమ్మి పెన్ను కింద పెట్టేసింది.

"కోరుట్లకు వస్తవా?" అని అడిగాను.

"వస్త. గని తప్పులు లెక్కపెట్టద్దు."

పిల్ల వెనకబడలేదు, తెచ్చుకునే సాకు లేదు; 3.30కి ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆ పెన్ను కింద పెట్టడమే కళ్లముందు మెదిలింది. 5.40కి జగిత్యాల బస్టాండులో దిగి ఫోన్ చేశాను.

"పిచ్చుకల ప్రశ్న రాయి బిడ్డా. నాకు తెల్వది."

"కింద నీ పేరు రాయాల్నా?"

"రాయి. మీ నానీ పేరు ఎన్నిసార్లున్నది?"

లెక్కపెట్టింది. "నాలుగు. నీది ఒక్కటే దాదీ."

అందులోనూ ఆమే మూడు ముందుంది.