టైలరు ఒప్పుకోలు

మా వీధి టైలరు గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. పనిచేసే బట్టల కొట్లో తానులు మాయమైతే, రాత్రి తాళం వేసింది అతనే కనుక పోలీసులు అతన్నే పట్టుకెళ్ళారు. జామీనుకి సొంత ఇల్లున్నవాళ్ళు కావాలన్నారు. మా వీధంతా అద్దెల వాళ్ళమే. కేసు తేలక ఏడాది దాటిపోయింది.

అతని భార్య జైలుకి ములాఖత్‌కి వెళ్తుంటే నేనూ బయలుదేరాను. చూడని చోటంటే నా కాలు ఇంట్లో నిలవదు. జాలీకి ఇవతల మేమూ, అవతల వాళ్ళూ ఒక్కసారే అరుస్తుంటే చేపల బజారు నయమనిపించింది. టైలరు చిక్కి సగమయ్యాడు.

"ఏరా అబ్బాయ్, నిద్ర పడుతోందా?" అన్నాను.

"పడుకుంటేగా పిన్నీ పట్టడానికి! యాభై మంది గదిలో రెండొందల మందిమి. సగం మంది పడుకుంటే సగం మంది నిలబడాలి. పడుకున్నా ఒత్తిగిలే. ఒకడు 'తిరగండ్రా' అని కేకేస్తే వరసంతా ఒక్కసారే తిరగాలి. నాకు మరుగుదొడ్డి గుమ్మం దక్కింది."

"జైలరుకి చెప్పుకోలేకపోయావా?"

"పాపం, ఆయనకే కుర్చీ వేసుకునే చోటు లేదు." నవ్వబోయి దగ్గాడు. తర్వాత భార్యతో అన్నాడు: "నేరం ఒప్పేసుకుంటానే. ఇన్నాళ్ళు ఉన్నది చాలని వదిలేస్తారట. లాయరు చెప్పాడు."

"చెయ్యని దొంగతనమా? రేపు బళ్ళో పిల్లని దొంగ కూతురంటే?"

"అననీ. నేను ఇంటికొచ్చి వెల్లకిలా పడుకోవాలి. అంతే."

ఆమె కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. సరేనందనే అనుకున్నాం.

వాయిదా రోజున జడ్జిగారు అడిగారు: "తానులు తీసింది నువ్వేనా?"

టైలరు పెదవులు తడుపుకుని "నేనేనండీ" అన్నాడు. అంతే, ఆమె నా చెయ్యి విదిలించుకుని లేచింది.

"అబద్ధమండీ! జైల్లో పడుకోడానికి చోటు లేక ఒప్పుకుంటున్నారు. నా పిల్ల మీద ఒట్టు, ఆయన నూలుపోగు కూడా ముట్టలేదు!"

లాయరు తల పట్టుకున్నాడు. జడ్జిగారు కలం కింద పెట్టేశారు. ఇలాంటి ఒప్పుకోలు చెల్లదని, సాక్షుల్ని విచారించాల్సిందేనని వాయిదా వేశారు. ఎప్పటికని నేను గుమస్తాని గుచ్చి గుచ్చి అడిగితే, "సెలవులయ్యాక చూద్దాంలే అమ్మా" అన్నాడు.

బయట వ్యాను ఎక్కిస్తుంటే ఆమె వెనకాలే పరుగెత్తింది.

"నేను చెప్పింది నిజమేగా? ఏమండీ, నిజమేగా?"

వ్యాను అప్పటికే కిక్కిరిసి ఉంది. అతను ఒక కాలు లోపల మోపి, రెండో కాలికి సందు వెతుక్కుంటున్నాడు.