ఊటీ గడ్డి, అవ్వ మొలపారి

ఆ రోజుల్లో కోయంబత్తూరులో మిల్లు సంగు కూస్తేనే తెల్లవారేది. సంగు అంటే సైరను. అది కూస్తే లేచేవాళ్లం, మళ్లీ కూస్తే అన్నానికి కూర్చునేవాళ్లం, ఇంకోసారి కూస్తే పక్క పరిచేవాళ్లం. ఊళ్లో అందరికీ అది గడియారం. నాకు మాత్రం కూసినప్పుడల్లా ఎవరో నన్నే పేరు పెట్టి పిలిచినట్టుండేది. నేనప్పుడు మిల్లు టైమాఫీసులో కొత్తగా చేరిన టెంపరరీ గుమాస్తాని. నాన్న అదే మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి దగ్గు తెచ్చుకుని మంచానికి అంటుకుపోయాడు. నేను పర్మనెంటయితే మిల్లు వాళ్లిచ్చిన లైనిల్లు మాకు నిలుస్తుంది, కాకపోతే సామాను బండికెక్కించాలి. ఈ సంగతి మా అమ్మ రోజూ అన్నం వడ్డిస్తూ గుర్తు చేసేది. అందుచేత ఆ రోజుల్లో నేను భయపడని వస్తువంటూ లేదు. మేనేజరు గది తలుపు కిర్రుమంటే భయం, కిర్రుమనకపోతే లోపల ఏం జరుగుతోందోనని ఇంకా భయం.

ఆ మేనేజరు మద్రాసులో చదువుకుని వచ్చినవాడు. గొంతు సైరనంత ఉండేది కాబట్టి కూలివాళ్లు ఆయనకు సంగు దొర అని పేరు పెట్టారు. ఒకరోజు ఆయన నన్ను పిలిపించాడు. నేను లోపలికి వెళ్లేలోగా అమ్మ, నాన్న, బండికెక్కించిన సామాను, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆయన బల్ల మీద ఒక గుడ్డసంచి పెట్టి, "మొదలాళమ్మ ఊటీ నుంచి తెచ్చారు. గెస్ట్ హౌస్ ముందు లాన్ వెయ్యాలి. మీది వ్యవసాయం చేసే కుటుంబమట కదా. నువ్వే చూడు" అన్నాడు. మొదలాళమ్మ అంటే మిల్లు యజమాని భార్య. ఆవిడ పేరు చెబితే సంగు దొర గొంతు కూడా కాస్త తగ్గేది. "ఆవిడ వచ్చేసరికి గడ్డి మొలవాలి. మొలిస్తే నీ పర్మనెంటు సంగతి చూస్తా. మొలవకపోతే..." అని ఆగిపోయాడు. ఆయన ఆపిన చోటి నుంచి మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను, రోజుకో రకంగా.

ఇక్కడొక చిక్కుంది. మాది వ్యవసాయ కుటుంబమన్న మాట నిజమే గానీ, నేను పుట్టింది మిల్లు లైన్లో. నాకు తెలిసిన పంట అంతా అంగట్లో గోతాల్లో ఉండేదే. సరే, ఇంట్లో అడుగుదామని సంచి తీసుకెళ్లి చూపిస్తే, నాన్న దగ్గు మధ్యలో నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది కాబట్టి మేమంతా కంగారు పడ్డాం. "గడ్డి విత్తేదా? మా నాయన ఆ గడ్డి పెరికి పెరికే నడుము ఇరగ్గొట్టుకున్యాడు కదరా! దానికి ఊటీ నుంచి విత్తనమా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. "అవ్వను పిలిపించుదాం. ఆమె చేత్తో పోస్తే రాయి కూడా మొలుస్తుంది" అంది.

అవ్వంటే నాన్నను కన్నతల్లి. అన్నూరు పక్క పల్లెలో ఉండేది. ఆ చుట్టుపక్కల ఆమెకున్న పేరంతా మొలపారి వల్ల వచ్చింది. (అరవంలో ముళైప్పారి అంటారు, మా ఇళ్లల్లో నోటికి అందినట్టు మొలపారి. మా పూర్వీకులు తెలుగు దేశం వదిలి వచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. నేనీ అక్షరాలు పెద్దయ్యాకే నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.) మారియమ్మ పండగకి ఆడవాళ్లు మట్టికుండల్లో ఎరువు, గడ్డి వేసి నవధాన్యాలు చల్లి, చీకటి గదిలో పెట్టి మొలకెత్తిస్తారు. ఎండ తగలదు కాబట్టి మొలకలు లేత పసుపు రంగులో జానెడు ఎత్తు లేస్తాయి. ఎంత పసుపుకొమ్ములా వస్తే ఆ ఏడు అంత బాగుంటుందని నమ్మకం. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు, మగవాళ్లు తొంగి చూడకూడదు. చివరికి కుండలు తలకెత్తుకుని ఊరేగించి నీళ్లల్లో కలుపుతారు. ఊరేగింపులో మా అవ్వ కుండే ముందు నడిచేది.

అవ్వ వచ్చింది. ఆమెను తోటపని తెలిసిన మనిషని చెప్పి గేటు దాటించాను. గెస్ట్ హౌస్ ముందు దున్నించి పెట్టిన నేలను చూసింది, సంచిలో చెయ్యి పెట్టి విత్తనాలు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇంత సన్నంగా ఉండాయే! ఎరుమ్మలు ఒక్క పూటలో మోసుకుపోతాయి" అంది. ఎరుమ్మలంటే చీమలు. అప్పటిదాకా నాకు చీమల భయం లేదు, ఆ క్షణం నుంచి మొదలైంది. పిచ్చుకల భయం, గోరువంకల భయం, గోడ దూకొచ్చే లైను మేకల భయం వరసగా వచ్చి చేరాయి. అవ్వ మాత్రం మేకపెంట పొడి చల్లించి, విత్తనాలు బూడిదలో కలిపి పోసి, పైన వరిగడ్డి కప్పి, ఆ పైన ఇటుకల మీద కొబ్బరాకు తడికెలు వరసగా పరిపించింది. నేలంతా ఒక పొడుగాటి చీకటి గది అయిపోయింది. పొద్దున, సాయంత్రం తడికె ఒక్కొక్కటి కాస్త ఎత్తి, చేత్తో నీళ్లు చిలకరించి మళ్లీ మూసేది.

"అవ్వా, ఎండ తగలొద్దా?" అని అడిగాను, ఎక్కడో చదివినట్టు గుర్తుండి.

"ఊటీలో ఎండ ఉంటుందా?" అంది అవ్వ.

ఆ మాట నాకు గట్టిగా నచ్చింది. సంగు దొర అడిగితే అదే ఇంకాస్త పెద్ద మాటల్లో చెప్పాను. "ఇది చలిదేశపు విత్తనం సార్, మన ఎండకి మాడిపోతుంది, అందుకే ఈ నీడ" అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని "కరెక్ట్" అన్నాడు. వ్యవసాయం గురించి మాట్లాడుకుంటున్న మా ఇద్దరిలో ఎవరికి తక్కువ తెలుసో ఇప్పటికీ తేల్చలేను. అయినా ఆయన 'కరెక్ట్' అన్నందుకు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు భయం. తడికెల కింద ఏం జరుగుతోందో అవ్వకి తప్ప ఎవరికీ తెలియదు. నేను చూడ్డానికి లేదు, మగవాణ్ణి. చూసే వీలున్నా చూసేవాణ్ణి కాదేమో. ఎత్తి చూస్తే అక్కడ ఉత్త మట్టి కనిపిస్తే ఏం చేసేది? "మొలిచిందా అవ్వా?" అని రోజూ అడిగేవాణ్ణి. "మొలిచేది మొలుస్తుంది, నీ పని చూసుకో పో" అనేది. టైమాఫీసులో కూర్చుంటే ప్రతి హాజరు గీతా నాకు గడ్డిపోచలా కనిపించేది. కిటికీలోంచి పిచ్చుకల గుంపు అటు పోతుంటే పెన్ను వదిలి పరిగెత్తేవాణ్ణి. తోటివాళ్లు నాకు కడుపు జబ్బు అనుకుని జీలకర్ర నీళ్లు తాగమనేవాళ్లు.

ఒకరోజు సంగు దొరకి ఓపిక నశించింది. బూట్లు టకటకలాడిస్తూ గెస్ట్ హౌస్ వైపు నడిచాడు, వెనక నేను. ఆయన తిన్నగా విత్తిన నేల మీదికి అడుగేసి చేతికర్రతో ఒక తడికె ఎత్తబోయాడు. నీళ్లకుండ పక్కన కూర్చున్న అవ్వ ఒక్క ఉదుటున లేచింది. "నిల్లుంగ! చెరుప్పోడ ఎంగ పోరీంగ?" అని అరవంలో కేకేసింది. ఆగండి, చెప్పులతో ఎక్కడికి పోతున్నారు అని. మిల్లులో ఆ మనిషిని 'ఆగండి' అన్నవాళ్లు అంతకుముందు లేరు. ఈమె ఎవరో నాకు తెలియదని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

సంగు దొర అవ్వ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత, ఎందుకో ఏమో, వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఎడమకాలి మేజోడుకి చిల్లు, బొటనవేలు బయటికి చూస్తోంది. నేను గబుక్కున ఆకాశంకేసి చూశాను. బూట్లు విప్పేసి ఆయన మళ్లీ తడికె మీద చెయ్యి వెయ్యబోతే అవ్వ అడ్డంగా నిలబడింది. "ఆంబళై పార్క్కక్కూడాదు సామీ. మగోళ్లు చూస్తే మొలక కుళ్లిపోతుంది." ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, గులకరాళ్ల మీద కుంటుకుంటూ వెనక్కి నడిచాడు. వెళ్తూ వెళ్తూ నాతో మెల్లగా, "మంగళవారం మేడం వస్తున్నారు" అన్నాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను మొదటిసారి వినడం అప్పుడే. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు.

మంగళవారం వచ్చింది. ఇంట్లో నాన్న దగ్గడం కూడా ఆపుకుంటున్నట్టు కూర్చున్నాడు, అమ్మ నా నుదుట విబూది మరీ మందంగా పెట్టింది. గెస్ట్ హౌస్ ముందు సంగు దొర కొత్త మేజోళ్లతో నిలబడ్డాడు. మొదలాళమ్మ కారు దిగింది. అంచు చీర, చేతిలో గొడుగు, ముఖంలో ఏమీ కనిపించదు. "గడ్డి ఎక్కడ?" అంది. అవ్వ కొంగు నడుముకి దోపుకుని, ఒక్కొక్క తడికె తీసి పక్కన పడేసింది, వరిగడ్డి మెల్లగా దులిపింది. నేను కళ్లు మూసుకున్నాను. తర్వాత ఒక్క కన్ను తెరిచాను.

గడ్డి మొలిచింది. ఈ చివర నుంచి ఆ చివరికి, ఒత్తుగా, సన్నగా, జానెడు ఎత్తున. కానీ ఆకుపచ్చ అన్నది మచ్చుకి కూడా లేదు. అంతా లేత పసుపు. పసుపు నీళ్లల్లో ముంచి తీసిన పట్టుదారపు కండెలు పరిచినట్టుంది. అవ్వ ముఖం వెలిగిపోతోంది. సంగు దొర ముఖం ఆ గడ్డి రంగులోకి తిరిగింది. "వాట్ ఈజ్ దిస్? కామెర్లొచ్చిన గడ్డా?" అని నా మీదికి తిరిగాడు. (అదే గడ్డి నాలుగు రోజులు ఎండలో ఉంటే తనంతట తనే ఆకుపచ్చబడేదట. ఆ ముక్క చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు.) సామాను ఎత్తిన బండి కళ్ల ముందు కదిలింది. దాని మీద నాన్న మంచం కూడా కనిపించింది.

మొదలాళమ్మ గొడుగు ముడిచింది. చెప్పులు వదిలేసింది. నేల అంచుదాకా వచ్చి, వంగి, అరచేత్తో ఆ మొలకల కొనలు నిమిరి, కళ్లకద్దుకుంది. తర్వాత మా ఇళ్లల్లో మాట్లాడే తెలుగులోనే, "ఎవరు పోసినారు ఇది?" అంది.

"నేనే తల్లీ" అంది అవ్వ.

"మా అమ్మ పోసే మొలపారి కూడా ఇంత పసుపుగా రాలేదు. ఎన్నేండ్లాయ చూసి! మిల్లు పెట్టినంక అన్నీ మరిచిపోతిమి."

"ఈడు పోయించినాడు" అని అవ్వ నన్ను ముందుకి తోసింది. "నా మనవడు. మిల్లు సల్లగా ఉండాలని."

నేను అలా ఎన్నడూ అనలేదు. కాదనే ధైర్యమూ లేదు. మొదలాళమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏం చేస్తుండాడు ఇక్కడ?" అంది. "టెంపరరీ, మేడం" అన్నాడు సంగు దొర. "ఈనికేమి టెంపరరీ?" అని మాత్రం అని, ఆవిడ అవ్వ వైపు తిరిగింది. "సరే, కళ్లబడినాక ఉంచకూడదు కదా. ఈ పొద్దే నీళ్లలో ఇడిచేద్దాం." సంగు దొర రెండడుగులు ముందుకొచ్చి, "మేడం, లాన్..." అన్నాడు. "లానేమి లాను!" అంది ఆవిడ.

అంతే. రీలింగు సెక్షను ఆడవాళ్లంతా వచ్చేశారు. నేల చుట్టూ తిరుగుతూ కుమ్మి అనే చప్పట్ల ఆట ఆడారు, ఆ చప్పుడుకి గెస్ట్ హౌస్ అద్దాలు అదిరాయి. ఆ తర్వాత ఊటీ నుంచి కారెక్కి వచ్చిన గడ్డిని మట్టితో సహా పెళ్లగించి, క్యాంటీను గిన్నెలు, స్పిన్నింగు ఖాతా తట్టలు, ఏది దొరికితే దాంట్లో పెట్టుకుని, మొదలాళమ్మ ముందు నడవగా మిల్లు వెనక వాయికాలువకి తీసుకెళ్లి నీళ్లల్లో వదిలేశారు. నేను కంటికి రెప్పలా కాపాడిన లాను ఒక్క పోచ మిగలకుండా పోయింది. సంగు దొర ఆ ఉత్త మట్టినేల ముందు, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, చాలాసేపు నిలబడ్డాడు. ఆ వారంలోనే నేను పర్మనెంటయ్యాను. ఆయన మళ్లీ ఎప్పుడూ నా ముందు గడ్డి మాట ఎత్తలేదు.

ఆ మంగళవారం సాయంత్రమే అవ్వను అన్నూరు బస్సెక్కించి నేనూ తోడు వెళ్లాను. సంగు దొరనే నిలబెట్టిన మనిషి అని పక్కన గర్వంగా కూర్చున్నాను. బస్సు కదిలాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని "ఏమైంది అవ్వా?" అన్నాను.

"ఏమీ లే కన్నూ" అంది. తర్వాత కిటికీకేసి చూస్తూ చెప్పింది. "గడ్డి ఎట్ల మొలిపించేదో నాకు మాత్రం ఏం తెలుసు? మా వంశంలో ఎవరన్నా విత్తినారా దాన్ని? నాకు తెలిసింది మొలపారి ఒకటే. అదే చేస్తి. ఆ దొరను అరిచినానే, ఆ పొద్దు ఇంటికొచ్చి కూడు ముట్టలే. నీ పని పోతే మీ నాయన మొగం ఎట్ల చూసేది అని. రోజూ తడికె ఎత్తేటప్పుడు కండ్లు మూసుకొనే ఎత్తుతా ఉంటి."

ఆ మిల్లు మొత్తంలో భయపడేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను అన్ని రోజులూ. ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "దేనికవ్వా భయం? నేను లేనా?" అన్నాను. అలా అంటూ ఉండగానే కండక్టరు ఈల వేస్తే ఉలిక్కిపడ్డాను. అవ్వ నా మాట నమ్మినట్టు తల ఊపి, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఇప్పుడు నాకు ఆనాటి అవ్వ వయసు వచ్చింది. చీమకి కూడా భయపడే ఆ కుర్రాడు అన్నూరు దాకా భుజం కదపకుండా, ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా, పెద్ద దిక్కులా నిటారుగా కూర్చోవడం తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.