బయటి తాళం

ఆ అమ్మాయిల హాస్టల్లో ఆమెకి సొంత పేరు ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. కాగితాల్లో మేట్రన్. పిల్లల నోట్లో తాళాల పిన్ని. ఎదురుగా ఉంటే 'పిన్నీ' అని గారంగానే పిలుస్తారు, వెనక్కి తిరగ్గానే 'తాళాల' చేరుస్తారు. మెడలో నల్లతాడు, తాడుకి ఇత్తడి తాళంచెవి. నడుస్తుంటే అది యూనిఫాం కోటు గుండీకి తగిలి టిక్కుటిక్కుమనేది. వరండా చివర ఆ చప్పుడు వినబడితే చాలు, ఫోన్లన్నీ దిండ్ల కిందికి పోయేవి.

ఆ హాస్టల్ ఒకప్పుడు గోదాము. విశ్వవిద్యాలయం స్థలం మొత్తంలో అదే పల్లం. అబ్బాయిలకి మూడంతస్తుల కొత్త భవనం కట్టారు. ఆడపిల్లలకి గోదాముకి సున్నం కొట్టి, లోపల అడ్డుగోడలు లేపి, "ప్రస్తుతానికి సర్దుకోండమ్మా" అన్నారు. ఆ ప్రస్తుతానికి మీసాలొచ్చే వయసు దాటింది. పైకప్పు మీదికి మెట్లున్నాయి కానీ మెట్ల చివర ఇటుకలు పేర్చి మూసేశారు. పైకెక్కితే అబ్బాయిల కిటికీలు కనిపిస్తాయట. కిటికీలు వాళ్ళవి, ఇటుకలు వీళ్ళకి. ఉన్న కిటికీలన్నిటికీ ఊచలు. బయటికి దారి ఒక్కటే, ముందున్న ఇనుప కటకటాల తలుపు. దాని తాళం బయటివైపు.

పగలు తాళంచెవి పిన్ని మెడలో ఉండేది. పొద్దుగూకగానే పిల్లల్ని కోళ్ళని గంపకింద కమ్మినట్టు లోపలికి తోలి, తానూ లోపలికి వెళ్ళి, తాడు తీసి కటకటాల సందులోంచి వాచ్‌మన్ చేతిలో పెట్టేది. ఆయన తాళం నొక్కేసి, తాళంచెవి పెద్ద గేటు దగ్గర గదిలో అప్పజెప్పేవాడు. పిన్నికి తాళంచెవి ఇవ్వడమంటే నమ్మకం అనుకునేరు. రాత్రంతా ఆమె కూడా ఆ తాళం లోపలే.

ఇన్నేళ్ళలో ఆమెకి ఇందులో తప్పు కనిపించలేదు. పైగా గొప్ప. "నా చేతికింద ఒక్క పిల్ల కూడా జారిపోలేదు" అని కొత్తగా చేర్చడానికొచ్చిన తండ్రులకి చెప్పేది. తండ్రులు తృప్తిగా తలూపేవాళ్ళు. కాలేజీలో పాఠాలెలా చెప్తారని అడిగినవాళ్ళు తక్కువ, తాళం ఎన్నింటికేస్తారని అడగనివాళ్ళు లేరు.

హాస్టల్‌కి రాకముందు ఆమె ఒక బట్టలు కుట్టే షెడ్డులో పని చేసేది. వరసగా మిషన్లు, కాలు తీస్తే ఎక్కడ పెట్టాలో తెలియనంత ఇరుకు. సరుకు బయటికి పోతుందని యజమాని పని గంటల్లో తలుపుకి బయటినుంచి గడియ పెట్టించేవాడు. ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గర గుడ్డ అంటుకుంది. మంట చిన్నదే, పొగ పెద్దది. ఆడవాళ్ళందరూ తలుపు మీద పడి బాదారు. యజమాని భోంచేసి, చెయ్యి కడుక్కుని, తీరుబడిగా వచ్చి గడియ తీశాడు. ఎవరూ చావలేదు కాబట్టి ఏమీ జరగనట్టే లెక్క. చావకపోతే మనవాళ్ళకి ఏదీ జరిగినట్టు కాదు. ఆ తర్వాత ఆమె ఆ పని మానేసింది. మానేసి, తాళాలేసే పనిలో చేరింది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం ఆమె ఎప్పుడూ కలుపుకోలేదు.

కలపడానికి ఒక పిల్ల ఉండేది, న్యాయశాస్త్రం చదివేది. బక్కపలచగా ఉండేది, నోరు మాత్రం ఊరంత. అందరూ ప్లీడరు అనేవాళ్ళు.

"పిన్నీ, జైల్లో అయినా జైలరు బయట ఉంటాడు. నువ్వేంటి మాతో పాటు లోపల?"

"నిన్ను చూసుకోడానికేలే. నీ నోటికి కూడా ఒక తాళం కొనిపెడతా, పో."

"దాని చెవి ఎవరికిస్తావు?"

"మీ అత్తగారికి."

ఇలా సాగుతుండగా తుపాను వస్తోందని చెప్పారు. మామూలు వాన కాదు, సముద్రం మీద నుంచి నేరుగా వస్తోందన్నారు. ఇల్లున్నవాళ్ళు ఇళ్ళకి పొమ్మని నోటీసు అంటించారు. దగ్గరివాళ్ళు వెళ్ళారు. బస్సులు ఆగిపోయాక నలభైమంది దాకా మిగిలారు. అందులో ఒకమ్మాయి కాలికి పిండికట్టు. ఒకమ్మాయికి ఉబ్బసం.

పిన్ని కొంగలా ఒంటికాలి మీద నిలబడి పని చేసింది. డ్రమ్ముల్లో, బకెట్లలో మంచినీళ్ళు పట్టించింది. బ్రెడ్డు, బిస్కెట్లు, అరటిపళ్ళు తెప్పించి ఎత్తైన అలమరలో పెట్టించింది. కరెంటుండగానే ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టించి, "కబుర్లకి కాదు, ఆపదకి" అని కసిరింది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టించింది. ఉబ్బసం పిల్ల పీల్చే మందు, మిగతా మాత్రలు, దూది, ప్యాడ్లు ఒక సంచిలో వేసి ఆ సంచి తన భుజానికే తగిలించుకుంది. మంచాలు కిటికీలకి దూరంగా జరిపించింది. చెయ్యగలిగిందంతా చేసింది. ఒక్కటి తప్ప.

తుపాను వచ్చే రోజు పొద్దున వార్డెన్ మేడం కారులో వచ్చారు. ఆవిడ ప్రొఫెసరు, ఉండేది మెరక మీద బంగళాలో. గొడుగు కింద నిలబడే జాగ్రత్తలు చెప్పారు. కిటికీల దగ్గర నిలబడొద్దు, పుకార్లు నమ్మొద్దు, ధైర్యంగా ఉండాలి. చివర అసలు మాట. "మధ్యాహ్నానికల్లా తాళం పడిపోవాలి. వాచ్‌మన్లందరినీ ఆఫీసున్న పెద్ద భవనానికి మారుస్తున్నాం. కొత్త కంప్యూటర్లున్నాయి కదా, అక్కడ మనుషులు కావాలి."

"మరి ఇక్కడ, మేడం?" అంది ప్లీడరు.

"ఇక్కడ తాళం ఉంటుంది కదా."

"నీళ్ళొస్తే?"

"ఇన్నేళ్ళలో రాలేదు."

"వస్తే?"

"ఫోన్ చెయ్యండి, వస్తాం."

"ఫోన్ పనిచెయ్యకపోతే?"

"చూశావా," అన్నారు మేడం పిన్ని వైపు తిరిగి, "అన్నిటికీ అడ్డుపుల్ల. ఇలాంటి పిల్లలుంటారనే తాళం."

పిన్ని అలవాటుగా ప్లీడర్ని లోపలికి పొమ్మని కళ్ళెర్రజేసింది. ఆ పిల్ల వెళ్ళలేదు. పిన్నికి ఏమనిపించిందో, గొంతు సవరించుకుంది.

"అమ్మా, ఇవ్వాళొక్కరోజు తాళంచెవి నా దగ్గర ఉండనివ్వండి. లోపలే ఉంచుకుంటాను."

"నువ్వు కూడానా? రేపు ఏ పిల్లో బయటికెళ్ళి ఏమన్నా అయితే వాళ్ళ నాన్నకి నేనేం చెప్పుకోవాలి?"

"లోపలే ఏమన్నా అయితే ఏం చెప్తారమ్మా?"

మేడం గొడుగు మార్చి పట్టుకున్నారు. "నీకు జీతమిచ్చేది తాళం వెయ్యడానికి. ఆలోచించడానికి మేమున్నాం," అని కారెక్కారు. కారు టైర్ల కింద అప్పటికే నీళ్ళు చిమ్ముతున్నాయి. అది ఆవిడకి కనిపించలేదు. కారులో కూర్చున్నవాళ్ళకి నీళ్ళు అద్దం మీదే కనిపిస్తాయి.

మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చాడు. పిల్లలు బాబాయ్ అంటారు. కోటంతా తడిసి ముద్దయింది. పిన్ని లోపల, ఆయన బయట. రోజూలాగే కటకటాల సందులోంచి చెయ్యి చాపాడు.

"ఇవ్వమ్మా. గాలి లేస్తోంది. అక్కడ హాజరు వేయించుకోవాలి."

పిన్ని తాడు మెడలోంచి తీసింది. వెనక వరండాలో పిల్లలు మూగారు. గాలికి ఎక్కడో రేకు ఊడి దభదభా కొట్టుకుంటోంది, లోపల చిక్కుకున్న మనుషులు తలుపు బాదినట్టు. ఆ చప్పుడుకి ఆమె చెయ్యి ఆగింది. పొగ వాసన లేదు, ఇస్త్రీ బల్ల లేదు. కానీ యజమాని చెయ్యి కడుక్కుంటున్న నీళ్ళ చప్పుడు వినబడినట్టే అయింది. అప్పుడు బయటినుంచి గడియ పెట్టింది ఇంకొకరు. ఇప్పుడు పెట్టిస్తున్నది తాను.

"తాళం నొక్కెయ్. అది నీ పని. తాళంచెవి ఇవ్వను," అంది.

"అదేంటమ్మా. అక్కడ నేనేం చెప్పను?"

"ఇవ్వలేదని చెప్పు."

"ఇవ్వకపోతే నువ్వేం చేశావంటారు. నా ఉద్యోగం?"

"లాక్కోబోతే రక్కిందని చెప్పు."

ఆయన కాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత పిల్లల వైపు, పిండికట్టు పిల్ల వైపు చూశాడు. కోటు చెయ్యి పైకి లాగి మణికట్టు లోపలికి చాపాడు.

"అయితే రక్కు. ఉత్తి మాట ఎవరు నమ్ముతారు?"

ప్లీడరు కిసుక్కున నవ్వింది. పిన్ని నవ్వలేదు. నిజంగానే రక్కింది, కాస్త గట్టిగానే. ఆయన "అబ్బో, ఇన్నాళ్ళ కోపం చూపించావే" అని చెయ్యి ఊదుకుంటూ తాళం నొక్కేసి, తన టార్చిలైటు సందులోంచి లోపలికి తోసి వెళ్ళిపోయాడు.

నీళ్ళు తలుపు కొట్టి రావు. ముందు స్నానాల గదుల తూములోంచి వెనక్కి ఎగదన్నాయి. తర్వాత గడపలు దాటాయి. ఎగువనున్న చెరువు కట్ట తెగిందని తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా చెప్పులు తేలుతున్నాయనే. పిన్ని మేడంకి ఫోన్ చేసింది. టవర్ లేదు. పెద్ద గేటుకి చేసింది. లేదు. నీళ్ళు మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు మంచాలెక్కారు. ఒకరిద్దరు ఏడవడం మొదలుపెట్టారు.

"ఏడుపు తర్వాత పెట్టుకుందాం. గాలి ఇంకా పెరగకముందే పోవాలి, పదండి," అంది పిన్ని.

తాళంచెవి లోపల ఉంది. తాళం బయట ఉంది. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని కటకటాల్లోంచి చెయ్యి దూర్చింది. ముంజేతి దాకా వెళ్ళి ఇరుక్కుంది. ఇన్నేళ్ళ హాస్టల్ అన్నం ఆ చేతిలోనే ఉంది.

"నువ్వు రా," అంది ప్లీడర్ని. "అగ్గిపుల్ల చెయ్యి అని ఎప్పుడూ తిడతాను కదా. ఇవ్వాళ దానికి పని పడింది."

తాళంచెవి నీళ్ళలో పడితే ఇంక అంతే. అందుకని నల్లతాడు ఆ పిల్ల మణికట్టుకి రెండు ముళ్ళేసింది. ప్లీడరు మొహం ఇనుముకి ఆనించి, భుజం దాకా చెయ్యి దూర్చి, కనపడని తాళాన్ని వేళ్ళతో తడిమింది. ఒకసారి జారింది. రెండోసారీ జారింది.

"కన్నం ఎటుందో తెలీట్లేదు పిన్నీ."

"కిందికి చూస్తుంటుంది. పైనుంచి కాదు, కిందనుంచి పెట్టు. పళ్ళు నీ వైపు."

మూడోసారి తాళం నోరు తెరిచింది.

దుప్పట్లు ముడేసి తాడు చేశారు. దాన్ని పట్టుకుని ఒకరి వెనక ఒకరు గోడ వారగా నడిచారు. పిండికట్టు పిల్ల కాలికి ప్లాస్టిక్ సంచులు చుట్టి కుర్చీలో మోశారు. మందుల సంచి నెత్తిన పెట్టుకుని పిన్ని చివర నడిచింది. దగ్గరలో ఉన్న ఎత్తైన భవనం ఒక్కటే. ఏ కిటికీలు కనిపిస్తాయని మెట్లకి ఇటుకలు పేర్చారో, ఆ కిటికీలున్న భవనం. దాని తలుపుకి తాళం లేదు, ఎప్పుడూ లేదు. అక్కడి వంటాయన, కొందరు కుర్రాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో ఎదురొచ్చి చేతులు అందించారు. పై అంతస్తు మొత్తం ఆడపిల్లలకి వదిలేసి వాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. వంటాయన టీ కాచి పంపాడు. కాసేపటికి గాలి మనిషిని నిలబడనివ్వనంత అయింది. పైనుంచి చూస్తే గోదాము కిటికీల ఊచలు సగం దాకా మునిగి ఉన్నాయి. ఆ ఊచల వెనక మంచాల మీద నిలబడి ఉండాల్సినవాళ్ళు నలభైమంది.

తుపాను వెళ్ళింది. పెద్ద భవనంలో కంప్యూటర్లకి తడి తగలలేదు. సిబ్బంది దక్షతకి అభినందనలు తెలిపారు. తర్వాత విచారణ పెట్టారు. నీళ్ళ మీద కాదు, కట్ట మీద కాదు, ఇటుకల మీద కాదు.

"ఎవరి అనుమతితో ఆడపిల్లల్ని అబ్బాయిల హాస్టల్‌కి తీసుకెళ్ళావు?" అని అడిగారు బల్ల వెనక కూర్చున్న ముగ్గురిలో నడిమి పెద్దమనిషి. పక్కనే వార్డెన్ మేడం.

"అడగడానికి ఎవరూ లేరండి. మీ మనుషులందరూ కంప్యూటర్ల దగ్గరున్నారు."

"తాళంచెవి అప్పజెప్పకపోవడం, వాచ్‌మన్‌ని గాయపరచడం నిజమేనా?"

"నిజమే."

"పశ్చాత్తాపం ఉందా?"

"ఉంది. ఇన్నేళ్ళు ఇచ్చినందుకు."

మేడం కాగితాల్లోకి చూస్తూ, "అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. పిన్నికి ఒళ్ళు మండింది. ఈ మాట ఆమె ఇదివరకు విన్నది. అప్పుడు షెడ్డు యజమాని చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు.

"అదృష్టం కాదమ్మా," అంది లేచి నిలబడి. "ఒక పిల్ల చెయ్యి సన్నగా ఉంది. అంతే. అది కూడా నాలాగే ఒళ్ళు చేసుంటే ఇవ్వాళ మీరు తండ్రులకి జవాబు చెప్పుకుంటూ ఉండేవాళ్ళు."

ఆమెని హాస్టల్ పనినుంచి తీసేసి గ్రంథాలయంలో పుస్తకాలు దులిపే పనికి వేశారు. బురద కడిగించి గోదాముకి మళ్ళీ సున్నం కొట్టారు. కొత్త తాళం కొన్నారు. దాన్ని కూడా బయటివైపే వేలాడదీశారు.

కొత్త మేట్రన్‌గా ఒక పడుచమ్మాయి వచ్చింది. ఆమె చేరిన రోజు సాయంత్రం పిన్ని తన పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చింది. కటకటాల అవతల ఆ అమ్మాయి, ఇవతల బాబాయ్. పిల్లలు వరండాలో బైఠాయించారు, ఒక్కరు కూడా గదిలోకి కదలడం లేదు. ఆ అమ్మాయి బెంబేలెత్తి పిన్నిని చూసింది.

"అక్కా, తాళంచెవి ఈయనకి ఇవ్వాలట కదా. ఇస్తానంటే వీళ్ళు ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యను?"

"తాళం పడ్డాక నువ్వెక్కడుంటావే అమ్మాయ్?"

"లోపలే."

పిన్ని ఆ అమ్మాయి చేతిలోని తాళంచెవి వైపు చూసింది, పిల్లల వైపు చూసింది. బాబాయ్ ఆమె ఏమంటుందోనని ఆగలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి, సందులోంచి మణికట్టు లోపలికి చాపాడు. పాత గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"కాస్త పక్కగా రక్కమ్మా," అన్నాడు. "అది ఇంకా మానలేదు."

ఆ హాస్టల్లో తాళం ఇప్పటికీ బయటే, తాళంచెవి మాత్రం లోపలే. ప్రతి సాయంత్రం తాళం పడ్డాక ఒక పిల్ల తాళంచెవి తాడు మణికట్టుకి కట్టుకుని కటకటాల్లోంచి చెయ్యి దూర్చి, చూడకుండా తీసి, మళ్ళీ వేస్తుంది. వంతులవారీగా, సన్న చేతులవాళ్ళందరూ. కొత్తగా చేరినవాళ్ళు తడబడితే వెనకనుంచి ప్లీడరు కసురుతుంది.

"పైనుంచి కాదే. కిందనుంచి పెట్టు. పళ్ళు నీ వైపు."