ట్రేసింగు గుడ్డ

డెబ్భైల చివర్లో ఎమ్మిగనూరు కాలువ ఆఫీసులో నేను ట్రేసరుని. పటాల గదిలో నా మాటే చెల్లేది. ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో నేను గీసిందే అసలు పటం. దాన్నుంచి కాగితం మీద ప్రింట్లు తీసిచ్చేవాళ్ళం. ప్రింటు ఎండలో తిరగొచ్చు, దాని మీద టీ ఒలకొచ్చు, చిరిగితే ఇంకోటి తీయొచ్చు. అసలు మాత్రం బీరువా దాటకూడదు. తాళంచెవి నా కొంగునే ఉండేది. "ఒక్క పూట ఇవ్వండమ్మా" అని ఇంజనీర్లు బతిమాలినా, "ప్రింటు తీసిస్తాను, కూర్చోండి సార్" అనేదాన్ని. పొగరని చాటుగా అనుకునేవాళ్ళు. పొగరే, కాదనను.

రద్దయిన పటాలను మాత్రం ఇళ్ళకు తీసుకెళ్ళేవాళ్ళం. ఆ గుడ్డను వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతికితే గంజీ సిరా పోయి మెత్తటి తెల్లబట్ట మిగిలేది. మా ఆఫీసువాళ్ళ పిల్లలంతా పుట్టగానే తొడుక్కున్నవి ఆ జుబ్బాలే. కాన్పుకు పోయేముందు నేనూ ఓ కట్ట పట్టుకెళ్ళి నాలుగు కుట్టుకున్నాను.

సెలవయ్యి తిరిగొచ్చిన వారంలోనే కోసిగి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు.

"అమ్మా, నా తూము మూసేస్తామంటాండారు. కొత్త సారు మ్యాపులో లేదంట, దొంగతూమంట. మూసినారంటే నాలుగెకరాలూ ఎండిపోతాయి. అసలు మ్యాపు తీసి సూడమ్మా."

"మీ సారు చేతిలోది వెలిసిపోయిన ప్రింటు. ఉండప్పా, చూపిస్తాను" అని ధీమాగా బీరువా తెరిచాను. ఆ తూమున్న పటం లేదు. అరల్లోవన్నీ కిందికి దించి వెతికాను. కాన్పుకు ముందు రద్దు కట్ట తీసేటప్పుడు పక్క అరలోంచి ఓ అసలు పటం చుట్ట దాంతోపాటు వచ్చుంటుంది. నేనేమో ఏ చుట్టనూ విప్పి చూడకుండానే నానబెట్టాను. ఆ రైతు తూము నా కూతురి ఒంటి మీద ఉంది. సిగ్గుతో ఏడుపొచ్చింది. దాచకుండా అతనికి అంతా చెప్పేశాను.

అతను తిట్టలేదు. "తూము పెట్టిననాడు నాకొక ప్రింటు ఇచ్చినారు. ట్రంకుపెట్టెలో ఉంది, రేపు తెస్తా" అన్నాడు.

మర్నాడు మొదటి బస్సుకే తెచ్చాడు. చీకట్లో ఉందేమో, ఒక్క గీత కూడా వెలవలేదు. తూము స్పష్టంగా ఉంది. దాన్ని చూసి కొత్త గుడ్డ మీద మళ్ళీ గీశాను. "పాత తేదీ వేసెయ్యండమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మా ఆఫీసరు. నేను ఒప్పుకోలేదు. "అసలు పటం నా తప్పు వల్ల పోయింది. ఇది రైతు దగ్గరి ప్రింటు చూసి గీసినది" అని మూలన రాసి సంతకం పెట్టాను. దానికి మెమో ఇచ్చారు, తీసుకున్నాను. తూము నిలిచింది.

ఆ మాట చెప్పడానికి రైతును పిలిపించాను. చెప్పాక, అలవాటు కొద్దీ, "ఈ ప్రింటు కూడా ఇక్కడే ఉంచప్పా, బీరువాలో భద్రంగా పెడతాను" అన్నాను.

అతను కాగితాన్ని బల్ల మీంచి తీసుకుని జాగ్రత్తగా మడిచాడు.

"వద్దులేమ్మా, మా పెట్టెలోనే ఉండనీ" అన్నాడు. "ఆడైతే ఎవురూ ఉతకరు."