ప్రతి కర్రా నడిచి చూసినదే

మామయ్య కాళ్లు రెండూ ఉక్కు ముక్కలు. మోకాలి నొప్పి గురించి ఆయనకు వినికిడే తప్ప అనుభవం లేదు. అయినా సరే, రోజూ పొద్దున్నే కుంటుకుంటూ వీధిలోకి బయలుదేరతాడు. ఎందుకయ్యా అని అడిగినవాణ్ని ఎగాదిగా చూసి, "చేతికర్రలు అమ్మేవాడు నడిచి చూడకుండా అమ్ముతాడా? వంట చేసేవాడు ఉప్పు చూసుకోడూ?" అంటాడు.

ఆ ఇంటి వ్యాపారం చేతికర్రలే. పెరట్లో షెడ్డు వేసుకుని, కొడుకు లేత్ మిషన్ మీద చెక్క తిప్పి, నునుపు పట్టించి, పిడి బిగించి, అడుగున రబ్బరు తొడుగు వేస్తాడు. కోడలు వాటిని ఓ ఆన్‌లైన్ కంపెనీ ద్వారా అమ్ముతుంది. ఫోటోలు తియ్యడం, ఆర్డర్లు చూడటం, కోపం మీదున్న కస్టమర్లను చల్లబరచడం, అన్నీ ఆమె పనే. ఈ ఇద్దరికీ మధ్యలో మామయ్య. ఏ కర్రైనా షెడ్డులోంచి పార్సిల్ పెట్టెలోకి వెళ్లాలంటే ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే.

ఆ నడక చూసి తీరాలి! కర్రలన్నీ కట్టగా కట్టి వీపున తగిలించుకుంటాడు. కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఆగి, చేతిలో కర్ర వీపు మీదికి, వీపు మీది కర్ర చేతిలోకి మారుస్తాడు. కర్రతో పాటు రోగమూ మారుతుంది. ఒక స్తంభం దాకా ఎడమ మోకాలు. ఇంకో స్తంభం దాకా కుడి మడమ. ఆ తర్వాత నడుము పట్టేస్తుంది. ఎంత నిజంగా పట్టేస్తుందంటే, కొత్తగా వచ్చినవాళ్లు పరుగెత్తుకెళ్లి కుర్చీ తెచ్చి వేస్తారు. ఆయన ఆ కుర్చీ చుట్టూ రెండుసార్లు కుంటి, "పిడి కాస్త జారుతోంది, మావాడికి చెప్పాలి" అనుకుంటూ వెళ్లిపోతాడు.

కొత్తలో కోడలు కూడా కంగారుపడింది. నొప్పుల మందు తీసుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ఏ కాలు మామయ్యా?"

"ఏ కర్రమ్మా?"

"అదేంటి?"

"ఈ కర్రకైతే ఎడమ. ఇందాకటి దానికి కుడి."

కోడలు మందు డబ్బా పట్టుకుని వెనక్కి తిరిగింది. వెనక నుంచి అత్తగారు, "ఆ మందు దాచి ఉంచమ్మా. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెడుతున్నాయి" అంది.

అమ్మకానికి పెట్టేటప్పుడు, లిస్టింగ్ అంటారే, అందులో కర్ర గురించి నాలుగు మాటలు రాయాలి కదా. కోడలు పొడవూ బరువూ రాయబోతే మామయ్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అవన్నీ తర్వాత. ముందు ఇది రాయి. ప్రతి కర్రా నడిచి చూసినదే."

"అలా ఎవరూ రాయరు మామయ్యా."

"ఎవరూ నడవరు కనక రాయరు. మనం నడుస్తాం కనక రాస్తాం."

కోడలు నవ్వుకుంటూ అలాగే రాసేసింది. వింత చూడండి, జనం ఆ ఒక్క మాట చూసే కొన్నారు. మంచి మంచి రివ్యూలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. కొడుకు ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి పూర్తిగా షెడ్డులోనే కూర్చున్నాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఒకరోజు పొద్దున కోడలు కంప్యూటర్ తెరిచేసరికి అడ్డంగా ఎర్రపట్టీ. మీ లిస్టింగ్ నిలిపివేయబడింది. కారణం, వాడిన వస్తువును కొత్తదిగా అమ్మడం. కింద ఓ కస్టమర్ పంపిన ఫోటో ఉంది. రబ్బరు తొడుగు గాట్లలో మట్టి. మట్టి మధ్య దర్జాగా కూర్చున్న గులకరాయి. "ఈ కర్ర నా దగ్గరికి రాకముందే చాలాచోట్ల తిరిగింది. నడిచి చూశామని వీళ్లే రాసుకున్నారు కూడా!" అని ఫిర్యాదు.

కోడలు పరుగున వెళ్లి మామయ్యను పిలుచుకొచ్చింది. మామయ్య కళ్లజోడు సవరించుకుని ఆ ఫోటోను తనివితీరా చూశాడు.

"ఈ రాయి బేకరీ ముందు రోడ్డుదమ్మా. గుర్తుపట్టాను."

"మామయ్యా! అమ్మకం ఆపేశారు!"

"ఎవరు ఆపింది?"

"కంపెనీ వాళ్లు."

"కంపెనీలో ఎవరు? ఆ మనిషి ఎప్పుడైనా కర్ర పట్టుకుని నడిచాడా?"

"మనిషో, మిషనో ఎవరికి తెలుసు!"

"మిషనైతే మరీ అన్యాయం. దానికి కాళ్లే ఉండవు."

కోడలు అప్పీలు పెట్టింది. మర్యాదగా, పొందిగ్గా రాసింది. పంపించి టీ కప్పు ఎత్తేలోపే జవాబు వచ్చేసింది. మీ వివరణ సరిపోదు, తప్పు ఎలా జరిగిందో, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో స్పష్టంగా చెప్పండి, అని. చదివారో లేదో దేవుడికెరుక.

రెండో అప్పీలు మామయ్య చెబుతానన్నాడు. వద్దంటే వినే ఘటమా! "అయ్యా, చెప్పులు కొనేటప్పుడు మీరు తొడుక్కుని చూడరా? తొడుక్కున్నంత మాత్రాన అవి పాతవైపోయాయా? మీకు అనుమానం ఉంటే ఒక పూట మా వీధికి రండి. నడిచి చూపిస్తాను. మీక్కూడా ఒక కర్ర ఇస్తాను." కోడలు ఏడవలేక నవ్వుతూ పంపింది. అదీ తిరిగొచ్చింది. ఈసారి ఇంకో ముక్క కూడా ఉంది. ఇదే చివరి అవకాశం. ఇదీ కుదరకపోతే లిస్టింగ్ శాశ్వతంగా పోతుంది, దానితో పాటు ఆ రివ్యూలన్నీ.

షెడ్డులో మిషన్ ఆగిపోయింది. గోడవారగా కర్రలు పేరుకుపోయాయి. కొడుకు తుడిచిన మిషన్‌నే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు.

"ఒక్కమాట రాస్తే చాలు మామయ్యా" అంది కోడలు. "ఇకమీదట కర్రలతో నడవం అని. మీరు నిజంగా మానేస్తేనే రాస్తాను."

"అది మాత్రం రాయొద్దమ్మా."

"ఎందుకు?"

"కావాలంటే కర్రలు అమ్మడం మానేద్దాం. నడక మానేది లేదు."

కోడలికి ఒళ్లు మండిపోయింది. "మీ అబ్బాయి ఉద్యోగం వదులుకుని పెట్టుకున్న మిషన్ అది! ఆగిపోయి ఉంది. మీకు చీమ కుట్టినట్టైనా లేదా?"

మామయ్య తల వంచుకుని కర్రల కట్ట సర్దుకుంటూ ఉండిపోయాడు. "నలభై ఏళ్లుగా చూస్తున్నాను, ఈయన పట్టు పడితే ఇంతే" అని అత్తగారు గొణిగింది గానీ, ఆవిడ మొహంలోనూ నవ్వు లేదు.

మర్నాడు పొద్దున్నే మామయ్య కట్ట వీపున వేసుకుని గేటు దాటాడు. కోడలు చెప్పులేసుకుని వెనకాలే బయలుదేరింది. వీధిలోనే నిలదీసి అడుగుదామని. పదిమంది ముందు అడిగితేనైనా దిగివస్తాడేమోనని.

మామయ్య తిన్నగా వెళ్లి టైలరు కొట్టు ముందు ఆగాడు. కోడలు బేకరీ పక్కన నిలబడింది.

"ఏమయ్యోయ్! ఉన్నావా? ఇవాళ నా నడుం మొరాయిస్తోంది. తోడు రా."

"కోటు ఇవ్వాల్సి ఉందన్నా. నువ్వెళ్లిరా" లోపల్నుంచి టైలరు గొంతు.

"కోటుకేం, రేపైనా ఉంటుంది. నేను మధ్యలో పడిపోతే మీ వదినకు నువ్వే జవాబు చెప్పాలి."

లోపల కుట్టుమిషన్ ఆగింది. టైలరు సణుక్కుంటూ బయటికి వచ్చాడు. చేతిలో కర్ర. ఆ మధ్య మెట్ల మీంచి జారిపడి, తుంటి ఎముకకు ఆపరేషన్ చేయించుకున్నాడని కోడలికి తెలుసు. మామయ్య పక్కన అతను అడుగులో అడుగు వేసుకుంటూ నడవసాగాడు.

ఇక చూడాలి! మామయ్య ముందుకు వంగాడు. వెనక్కి వాలాడు. "అబ్బా, అమ్మా" అన్నాడు. స్తంభం దగ్గర కర్ర మార్చి, నడుము వదిలేసి మోకాలు అందుకున్నాడు. మంగలి షాపతను గడ్డం గీస్తూ గీస్తూ బయటికొచ్చేశాడు. సగం నురుగు మొహంతో గీయించుకునేవాడు కూడా వెంటే వచ్చాడు. "ఏంటి పెద్దాయనా, ఇవాళ నాట్యం కూడానా?" అని ఎవరో మేడ మీంచి కేకేశారు. "దిగిరా, నీకూ ఒక కర్ర ఇస్తా!" అని మామయ్య ఎదురు కేకేశాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

కోడలు కూడా నవ్వబోయి ఆగిపోయింది. వీధి వీధంతా మామయ్యనే చూస్తోంది. పక్కన నిజంగా కర్ర మోపుకుంటూ నడుస్తున్న టైలరు వైపు ఒక్కరంటే ఒక్కరు చూడటం లేదు. టైలరు పడ్డదీ, మామయ్య కుంటడం మొదలుపెట్టిందీ ఇంచుమించు ఒకే రోజుల్లో అని ఆమెకు అప్పుడు తట్టింది.

టైలరును కొట్లో దిగబెట్టి, కట్ట భుజానేసుకుని, జింకపిల్లలా టకటకా వస్తున్న మామయ్యకు మలుపులో కోడలు ఎదురైంది. ఆయన గబుక్కున కుంటబోయాడు.

"చాల్లెండి మామయ్యా. అంతా చూశాను."

మామయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రోజూ నడవకపోతే వీడి తుంటి బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడమ్మా. వీడేమో, ఈ వీధి వాళ్ల ప్యాంట్లన్నీ కుట్టినవాణ్ని, వాళ్ల ముందు కర్ర పట్టుకుని తిరగనా అని తలుపేసుకున్నాడు. పక్కన నాలాంటి పిచ్చోడు ఉంటే వాణ్నెవరు చూస్తారు?"

"నాకు చెప్పొచ్చు కదా!"

"నీకు చెబితే మీ అత్తకు చెబుతావు. మీ అత్తకు తెలిస్తే ఊరికి మైకు పెట్టినట్టే. వాడికి తెలిసిందంటే ఇక గడప దాటడు."

కోడలు ఆయన భుజాన ఉన్న కట్ట అందుకుంది. ఇంటి వ్యాపారం పోతున్నా నోరు విప్పని మనిషి! ఆ క్షణాన ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. వీధిలో బాగుండదని ఊరుకుంది.

ఇంటికొచ్చి మూడో అప్పీలు తనే రాసింది. నడిచి చూసే కర్రలు ఇక వేరు, అమ్మే కర్రలు వేరు. నడిచే కర్రలకు పైనుంచి కిందిదాకా ఎర్రరంగు వేశాం, అవి ఎప్పటికీ పెట్టెలోకి వెళ్లవు. అమ్మే ప్రతి కర్రనూ షెడ్డులోనే ఇసుక మూటతో బరువు వేసి చూసి, కొత్త గుడ్డ సంచిలో పెట్టి మూతి కుట్టి పంపిస్తాం. ఎర్ర కర్రలు, ఇసుక మూట, మాదిరి సంచీ అన్నిటి ఫోటోలూ జతచేసింది. 'నడిచి చూసినదే' అన్న మాట తీసేసింది. కంపెనీ రెండు రోజులు ఏమీ తేల్చలేదు. ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆఖరికి ఎర్రపట్టీ పోయి లిస్టింగ్ వెనక్కి వచ్చింది. షెడ్డులో మిషన్ గుర్రుమనగానే అత్తగారు కళ్లు తుడుచుకుంది. మామయ్య మాత్రం ఎర్ర కర్రలు చూసుకుని, "భలే! వీధి చివరి నుంచి కూడా కనబడతాను!" అని మురిసిపోయాడు.

సంచులు కుట్టే పని టైలరుకే ఇద్దామని కోడలు గుడ్డ తాను తీసుకుని కొట్టుకు వెళ్లింది. టైలరు కొలతలు రాసుకుని, దారపు ఉండ కోసం స్టూలెక్కాడు. పై అర వెతికి, చెంగున కిందికి దూకాడు. కర్రేమో మూలన గోడకు ఆనించి ఉంది.

"బాబాయ్! జాగ్రత్త!" అని అరిచింది కోడలు.

టైలరు నాలిక కరుచుకున్నాడు. వాకిలి వైపు ఓసారి చూసి దగ్గరికి వచ్చాడు. "కర్ర అక్కర్లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడమ్మాయ్."

"మరి రోజూ..."

"మీ మామయ్య కాళ్లు నిక్షేపంగా ఉన్నాయని నాకు మొదటి రోజే తెలుసు. ఎన్ని ప్యాంట్లకు కొలిచానో ఆ కాళ్లను! నాకోసం అంత పెద్దమనిషి వీధిలో అంత నవ్వులపాలవుతుంటే, నాకు నయమైపోయిందని ఎలా చెప్పను? మనసు చివుక్కుమనదూ? పైగా ఆయన్ని ఒక్కణ్నే వదిలేస్తే జనం ఏమనుకుంటారు?" అని చేతులు జోడించాడు. "ఇది నీ కడుపులోనే దాచుకో తల్లీ. ఆయనకు తెలిసిందంటే ఇక రాడు."

కోడలు నవ్వు ఆపుకోలేక గుడ్డ తానులో మొహం దాచుకుంది. ఇంతలో బయట కేక.

"ఏమయ్యోయ్! ఇవాళ కుడి మడమ అస్సలు ఒప్పుకోవట్లేదు!"

"వస్తున్నానన్నా, వస్తున్నా! కదలకు, పడతావ్!" అంటూ టైలరు మూలనున్న కర్ర అందుకుని, నడుము వంచి, మూలుగుతూ గడప దిగాడు.