ఆముదం గుడ్డ

ఈ ఉదయం మా తమ్ముడి కొడుకు తన షెడ్డు ముందు కూర్చుని ఎవరిదో కారు ఎయిర్ ఫిల్టరు విప్పి కిరసనాయిల్లో ముంచాడు. కడిగి, నూనె పట్టించి మళ్లీ వాడుకునే రకం. ఆ వాసన ముక్కుకు తగలగానే చేతిలో కాఫీ నాకు సహించలేదు. కోటయ్య శెట్టిగారు పోయి చాలా కాలమైంది. కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిసిన ఆ వాసన మాత్రం నన్ను వదల్లేదు. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన మంచి గురించి చెప్పమంటే చాలా చెప్పగలను. నా కడుపుమంటంతా అక్కడే ఉంది.

మా ఊళ్లు కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజులవి. మార్కాపురంలో శెట్టిగారికి ఒక పలకల గనీ, ఒక లారీ ఉండేవి. గనిలో మా నాయన పలకలు కోసేవాడు. పలకల పెట్టెలు రైలు స్టేషనుకు చేర్చే లారీ నేను నడిపేవాణ్ని. ఆ దారంతా పలకరాతి పొడి, ముగ్గుపిండిలాగా మెత్తగా లేచేది. అది లోపలికి పోతే ఇంజను అరిగిపోతుందని శెట్టిగారి భయం. అంత పెద్దమనిషి ప్రతి శుక్రవారం పూజ ముగించుకుని, పంచె ఎగ్గట్టి లారీ పక్కన కూర్చునేవారు. ఇంజను గాలి పీల్చే చోట ఒక డబ్బా, దానిలో సన్నటి తీగల చుట్ట ఉండేది. ఆ చుట్టను కిరసనాయిల్లో జాడించి, ఆరబెట్టి, ఇంజనాయిల్లో ముంచి, చుక్క కారడం ఆగేదాకా వేలాడదీయాలి.

“ఒట్టి తీగ దుమ్మును ఆపదురా నాగయ్యా. నూనె పట్టిస్తేనే దానికి అంటుకుంటాది. నూనె ఎక్కువైందా, ఇంజను తాగేస్తాది. చేత్తో పట్టి చూసి తెలుసుకోవాల” అని నా వేళ్లు పట్టుకుని ఆ తీగల మీద పెట్టించారు.

యుద్ధం రోజులు. బుడ్డిదీపానికి కిరసనాయిలు దొరక్క జనం పొద్దుండగానే అన్నాలు తినేసేవాళ్లు. శెట్టిగారి లారీకి మాత్రం ఏనాడూ కరువు రాలేదు. అప్పట్లో నాకది తప్పనిపించలేదు. తిట్టకుండా, విసుక్కోకుండా పని నేర్పిన మనిషి నాకు అంతకుముందు తగల్లేదు మరి.

మా నాయనకు దగ్గు. గనిలో అందరికీ దగ్గే కాబట్టి దాన్ని ఎవరూ జబ్బనుకునేవాళ్లు కాదు. ఆ ఎండాకాలం మాత్రం నాయన అన్నం ముందు కూర్చుని ఆయాసపడి కంచం పక్కకు నెట్టేవాడు. ఒక శుక్రవారం ఆ తీగలచుట్ట కడుగుతుంటే నాకు ఆలోచన వచ్చింది. ఇంటికి పోయి అమ్మ పాతచీర చింపి, ఆముదంలో తడిపి, గట్టిగా పిండి, మర్నాడు గనికి పోయేముందు నాయన ముక్కుకు కట్టాను.

“ఏందిరా ఇది, నన్ను లారీని చేస్తివి” అని నవ్వినాడు.

సాయంత్రం విప్పి చూస్తే గుడ్డ బయటివైపు పొడి నల్లగా పేరుకుని ఉంది, లోపలివైపు చీర రంగు చాలావరకు అట్లాగే ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. కొన్నాళ్లకు నాయన కంచం ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. అది చూసి గనిలో మరికొందరు కూడా ఆముదం గుడ్డలు కట్టుకున్నారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గుడ్డ జారినప్పుడల్లా సర్దుకుని అదే చేత్తో పలక పట్టుకునేవాళ్లు. నూనె తగిలిన పలక మీద బలపం జారిపోతుంది, అక్షరం పడదు. పలకలు కొన్న వ్యాపారి పెట్టెలకు పెట్టెలు తిప్పి పంపాడు. శెట్టిగారు గనికి వచ్చి అందరి ముక్కుగుడ్డలూ విప్పించారు. కోప్పడలేదు, ఆయనకు కోప్పడే అలవాటే లేదు.

“శెట్టిగారూ, ఇంజనుకు మనం చేసేదే గదా ఇది” అన్నాను. “చేతులు తుడుచుకోను వేరే గుడ్డలిస్తే సరిపోతాది.”

“పలకకు నూనె తగలగూడదురా. తగిల్నాక ఎవుడు కొంటాడు?”

“అట్లయితే మా నాయనను గనిలోనించి తీసి స్టేషను కాడ పెట్టెలెత్తే పనికి పెట్టండి.”

“పెట్టెలు ఎవుడైనా ఎత్తుతాడు. మీ నాయన మాదిరి పలక కోసేవాడు నాకు యాడ దొరుకుతాడు?”

“మరి ఇంజను మీద ఉన్న దయ మనిషి మీద ఉండొద్దా, అయ్యా?”

“ఇంజను పోతే మద్రాసు నించి రావాల గదరా” అన్నారు నెమ్మదిగా, నాకు పని నేర్పిన ఆ గొంతుతోనే.

నాయన అప్పటికే గుడ్డ విప్పి మడిచి నా చేతిలో పెట్టాడు. “పోనీలే అబ్బయా, ఆయనకు నష్టం గదా” అన్నాడు. నాయన మంచితనం మీద కూడా నాకు ఒళ్లు మండింది.

మరుసటి ఎండాకాలం నాయన చూడలేదు. శెట్టిగారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అవి దొంగ కన్నీళ్లు కావని నాకు తెలుసు. దొంగవైతే ఆయన్ని తిట్టుకుని ఊరుకునేవాణ్ని. అమ్మనూ తమ్ముణ్నీ చూసుకోవాలి కాబట్టి ఆ లారీనే నడిపాను, ఆయన నేర్పినట్టే ప్రతి శుక్రవారం ఆ తీగలు కడిగాను.

ఆ లారీ తర్వాత చాలా ఏళ్లు తిరిగింది. దాని ఇంజను విప్పాల్సిన అవసరమే రాలేదు. నాగయ్య చేతిలో పడిన ఇంజను చావదని తోటి డ్రైవర్లు అనేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. మా నాయన ఊపిరాడక నా చేతుల్లోనే పోయాడు.