చేపల కాటా, మా టీచరమ్మ

నిన్న పొద్దున్న గ్రూపులో మెసేజ్ చూసి నమ్మలేదు. మా గ్రూపులో వచ్చేవాటిలో సగం అబద్ధాలే. ఇద్దరికి ఫోన్ చేశాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చివరికి టీచరమ్మ వాళ్లబ్బాయికే చేశాను.

మా అంగన్‌వాడీ సూరీడమ్మ టీచర్ నిజంగానే పోయారు.

చేపల గంప అక్కడే దించేసి వాళ్లింటికి బయల్దేరాను.

కళింగపట్నం రోడ్డు మీద చేపలమ్ముకుంటాను. ఎవరినీ ఒక పట్టాన నమ్మను. ఆవిణ్ణయితే అసలు నమ్మలేదు.

మా పాపకి ఏడాదిన్నరప్పుడు బరువు తూచి, చార్టులో ఎర్ర చుక్క పెట్టారు.

"పిల్ల బాగా తక్కువున్నాది తమ్ముడూ. బుర్ర ఎదిగే వయసిది. బడిలో ఏసినాక సూద్దామంటే ఆలీసమైపోతాది" అన్నారు.

నాకు డౌట్. తక్కువని రాస్తే గుడ్లు, పాలు ఎక్కువొస్తాయి, అవి ఆవిడ ఇంటికి పోతాయి అనుకున్నాను.

పాపని తెచ్చి నా చేపల కాటా మీద కూర్చోబెట్టాను. బరువు సరిపోయింది. సెంటర్‌కి వెళ్లి వీధంతా వినేలా గొడవ పెట్టుకున్నాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ కాటా మీద నువ్వు సేపలు కొంటావా, అమ్ముతావా తమ్ముడూ?"

అమ్ముతాను. అదెంత ఎక్కువ చూపిస్తుందో నాకు తెలియనిదా. సిగ్గేసి ఇంటికొచ్చేశాను.

అయినా అనుమానం పోలేదు. నెల రోజులు సెంటర్ కిటికీలోంచి కాపలా కాశాను. రోజూ అదే. పాపని ఒళ్లో పెట్టుకుని గుడ్డు తినిపించడం, గోడ మీద బొమ్మలు చూపిస్తూ కబుర్లు చెప్పడం.

ఒకరోజు, అప్పటిదాకా నోరు విప్పని నా కూతురు బొమ్మ చూసి "సేప" అంది. కిటికీ బయటే ఏడ్చేశాను.

ఇప్పుడు ఐదో క్లాసు. ఈ పోస్ట్ నేను చెబుతుంటే టైప్ చేస్తున్నది అదే.

నిన్న దండ వేసి ఆవిడ సేవ గురించి స్పీచ్ ఇచ్చిన ఆఫీసరు గారూ, ఎర్ర చుక్కలు ఎక్కువున్నాయని, దిద్దమని ఆవిడకి మెమో ఇచ్చింది మీరే కదా.

"కాగితం బలిస్తే పిల్ల బలుస్తాదేటి సారూ" అని ఆవిడ దిద్దలేదు.

ఆవిడ మంచాన పడిన ఈ రెండు నెలల్లో మా సెంటర్‌లో ఒక్క ఎర్ర చుక్క కూడా లేదట. అదీ మీరే చెప్పారు, గర్వంగా.

మా పక్కింటి పాపకి రెండేళ్లు. ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. చార్టులో మాత్రం పచ్చ చుక్క.

సోమవారం మళ్లీ పిల్లల్ని తూస్తారు. నా కాటా పట్టుకుని వెళ్తున్నాను.

నిన్న సాయంత్రమే సరిచేయించాను.

వెళ్లిరండి టీచరమ్మా. ఇంక మిమ్మల్ని ఎవరూ దిద్దమని అడగరు. ప్రశాంతంగా పడుకోండి.